ఊరు పెరిగింది, స్టేషన్ పోయింది: బెజవాడ సత్యనారాయణపురం రైలు కథ

విజయవాడ ఫుడ్ జంక్షన్ దగ్గర మొదలై సీతన్నపేట, సత్యనారాయణపురం, భానునగర్ మీదుగా పడవలరేవు దాకా వెళ్లే, బస్సులకు ప్రత్యేక వరస ఉండేలా వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డును కాస్త పరిశీలనగా చూసినవారికి ఒక అనుమానం రాక మానదు. ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్న పేటల మధ్య ఇంత వెడల్పు రోడ్డు ఎలా పడింది? బెజవాడలో ఒక సందును నాలుగడుగులు వెడల్పు చేయాలన్నా కోర్టు కేసులు, నష్టపరిహారాలు, ఏళ్ల తరబడి తగాదాలు తప్పవు. ఇక్కడ మాత్రం రోడ్డు ధారాళంగా సాగిపోతుంది. అసలు సంగతి ఏమిటంటే, ఆ నేలను ఎవరి దగ్గరా కొత్తగా కొనలేదు. దాని మీద ఒకప్పుడు పట్టాలు ఉండేవి. విజయవాడ జంక్షన్‌లో బయలుదేరిన బందరు బండి, గుడివాడ బండి ఈ దారినే పోయేవి. సత్యనారాయణపురం స్టేషన్ ఈ దారి మీదే ఉండేది.

రైల్వే స్టేషన్ మూతపడిందంటే మామూలుగా తోచే కారణం ఎక్కేవాళ్లు లేకపోవడం. పల్లెల్లోని హాల్టుల విషయంలో అది చాలావరకు నిజం. సత్యనారాయణపురం కథ అందుకు పూర్తిగా తలకిందులు. చుట్టూ జనం పెరిగారు, ఇళ్లు పెరిగాయి, వాహనాలు పెరిగాయి. స్టేషన్ ఊరికి అంచున ఉన్నంతకాలం బతికింది, ఊరి నడుమకు వచ్చేసరికి అడ్డమైంది. ఈ తేడా తెలియకపోతే, ఇవాళ అదే లైను మీద మిగిలి ఉన్న మధురానగర్, రామవరప్పాడు, నిడమానూరు స్టేషన్ల ముందు ఏముందో కూడా అర్థం కాదు.

మొదట ఆ లైను ఎందుకు పుట్టిందో చూడాలి. 1901 జనాభా లెక్కల్లో బెజవాడ 24,224 మంది ఉన్న ఊరు. అదే లెక్కల్లో మచిలీపట్నం జనాభా 39,507, గుంటూరు 30,833. అంటే అప్పటికి బందరే పెద్ద ఊరు, జిల్లా కేంద్రం, శతాబ్దాల పేరున్న రేవు. కానీ ఆ రేవు అప్పటికే చితికి ఉంది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును, చుట్టుపక్కల ఊళ్లను ముంచి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బ నుంచి పట్నం పూర్తిగా కోలుకోలేదు.

బెజవాడ దశ తిరిగింది మాత్రం నీళ్లతో. 1852లో మొదలై 1855కల్లా కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ సాగునీటితో పాటు పడవలకూ దారులయ్యాయి. ధాన్యం, కలప, ఉప్పు, మనుషులు అందరూ కాలవల మీదే. ఏలూరు దగ్గర కృష్ణా, గోదావరి కాలవలు కలవడంతో రెండు డెల్టాల సరుకూ పడవ దిగకుండా అటూ ఇటూ తిరిగేది. ఏలూరు కాలవ దారిలో పడవలరేవు అన్న పేరు ఆ రోజులదే.

ఆ తరువాత పందొమ్మిదో శతాబ్దం చివర్లో రైళ్లు నాలుగు వైపుల నుంచి వచ్చి పడ్డాయి. గుంతకల్లు, గుంటూరు మీదుగా సదరన్ మరాఠా కంపెనీ వారి మీటర్‌గేజి (రెండు పట్టాల మధ్య ఒక మీటరు వెడల్పు), 1889లో హైదరాబాదు వైపు నుంచి నిజాం రైల్వే, 1893 నుంచి తూర్పు తీరపు లైను, 1899లో అంతకంటే వెడల్పాటి పట్టాల మద్రాసు బ్రాడ్‌గేజి. నాలుగూ కలిసింది బెజవాడలో. బందరుకు మాత్రం రైలు లేదు. సముద్రం ఉన్న ఊరు రైలు లేక వెనకబడింది, సముద్రం లేని ఊరు రైలుతో ఎగసింది. 1908లో బెజవాడ నుంచి మచిలీపట్నానికి మీటర్‌గేజి లైను తెరిచారు. అప్పటికి సరుకు బెజవాడ జంక్షన్‌కు అలవాటు పడిపోయింది. కొత్త లైను బందరు రేవును లేపలేదు, బందరును, గుడివాడను బెజవాడ బజారుకు కట్టేసింది. అయినా ఆ లైను చిన్నదేమీ కాదు. పశ్చిమాన గోవా తీరంలోని మర్మగోవా నుంచి గుంతకల్లు, గుంటూరు మీదుగా మచిలీపట్నం దాకా ఒకే కొలత పట్టాలు పడి, రెండు సముద్రాలను కలిపే మీటర్‌గేజి దారి పూర్తయింది దానితోనే. 1928లో గుడివాడ నుంచి భీమవరం వైపు పట్టాలు సాగడంతో బందరు లైను డెల్టా మొత్తానికి గుమ్మమైంది.

బందరు లైను మీద స్టేషన్ల వరుస ఇప్పటికీ పాతవాళ్లు కంఠస్థంగా చెబుతారు: రామవరప్పాడు, నిడమానూరు, ఉప్పలూరు, తరిగొప్పుల, ఇందుపల్లి, దోసపాడు, గుడివాడ. అక్కణ్నుంచి గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి, బందరు. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, ఇది ధాన్యం పండే ఊళ్ల వరుస. ఇలాంటి లైను మీద చిన్న స్టేషన్ పని ఎలా నడిచేదో కొంచెం దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే పోయింది ఆ పనే.

సింగిల్ లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒక బండే ఉండాలి. అందుకు టోకెన్ పద్ధతి. స్టేషన్ మాస్టర్ గదిలో ఎర్ర రంగు ఇనప యంత్రం ఉంటుంది. పక్క స్టేషన్ మాస్టర్ గంట కొట్టి 'లైన్ క్లియర్' ఇస్తేనే ఆ యంత్రం లోంచి ఇనప గుండు ఒకటి బయటికి వస్తుంది. ఆ గుండును తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద వెదురు వలయానికి కట్టి, పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫాం చివర చెయ్యి చాచి నిలబడతాడు. ఆగని బండి అయితే డ్రైవరు పక్కనున్నవాడు వంగి ఆ వలయంలోకి చెయ్యి దూర్చి లాక్కుపోవాలి, తన దగ్గరున్న పాత గుండును అదే ఊపులో కింద పడేయాలి. గుండు చేతిలో లేకుండా బండి కదలడానికి వీల్లేదు. పక్క స్టేషన్‌లో ఆ గుండును అక్కడి యంత్రంలో వేసేదాకా ఇక్కడి యంత్రం ఇంకో గుండు ఇవ్వదు. కంప్యూటర్లు లేని కాలంలో ఎదురెదురు బళ్లు గుద్దుకోకుండా కాపాడింది ఈ ఏర్పాటే.

టికెట్ల కిటికీ దగ్గర ఇంకో లోకం. బొటనవేలంత వెడల్పు, రెండంగుళాల పైచిలుకు పొడవు ఉన్న అట్ట టికెట్లు చెక్క అరలో ఊరి పేర్ల వారీగా పేర్చి ఉండేవి. బుకింగ్ క్లర్కు కింది నుంచి ఒకటి లాగి, తారీఖు మిషన్‌లో టక్కున నొక్కి ఇచ్చేవాడు. ప్రతి టికెట్ మీదా వరస నంబరు. సాయంత్రం ఏ అరలో ఏ నంబరు దాకా వచ్చిందో చూస్తే ఆ రోజు ఎందరు ఎక్కడికి పోయారో లెక్క తేలిపోయేది. సీజన్ టికెట్ ఉద్యోగులు, గంపలతో కూరగాయలవాళ్లు, క్యాన్లతో పాలవాళ్లు, కాలేజీ పిల్లలు ఈ లెక్కలో భాగం. వీళ్లకు స్టేషన్ ఎంత దగ్గరైతే అంత మేలు. నెత్తిన గంప ఉన్న మనిషికి అరకిలోమీటరు దూరం కూడా దూరమే. పెద్ద జంక్షన్‌లో దిగితే రిక్షా కట్టాలి, పేటలో స్టేషన్ ఉంటే నడిచిపోవచ్చు. సత్యనారాయణపురం లాంటి స్టేషన్ విలువంతా అందులోనే ఉంది. అది దూరప్రయాణాల స్టేషన్ కాదు, చిన్న సంపాదనల స్టేషన్.

ఈ చిన్న సంపాదనలకు ముందుగా తగిలిన దెబ్బ ప్రయాణికుల వైపు నుంచి కాదు, సరుకు వైపు నుంచి వచ్చింది. దీన్ని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ, మార్కెట్ ఊళ్ల స్టేషన్లన్నీ చిక్కిపోవడానికి మూలం ఇక్కడే ఉందని ఒప్పుకోక తప్పదు. పాత నాలుగు చక్రాల వ్యాగన్ ఒకటి సుమారు 20 టన్నులు మోసేది. 75 కేజీల ధాన్యం బస్తాల లెక్కన రెండొందల అరవై బస్తాల పైచిలుకు. అంటే ఒక మోస్తరు మిల్లు యజమాని గుడివాడలోనో ఉప్పలూరులోనో ఒక్క వ్యాగన్ బుక్ చేసుకోగలిగేవాడు. అంతకంటే తక్కువ సరుకైతే చిల్లర పార్సిలుగా వేసేవాళ్లు. గూడ్సు బండి స్టేషన్ స్టేషన్‌కూ ఆగి, ఒకచోట ఒక వ్యాగన్ వదిలి, ఇంకోచోట ఒకటి తగిలించుకుని, పెద్ద యార్డుకు వచ్చి, అక్కడ ఏ దిక్కుది ఆ దిక్కుకు విడగొట్టుకునేది. నెమ్మదైన పద్ధతి. వ్యాగన్ ఎప్పుడు చేరుతుందో దేవుడికే తెలియాలి. దారిలో దొంగతనాలు, నష్టాలు కూడా మామూలే.

1980ల మొదట్లో రైల్వే ఈ పద్ధతికి స్వస్తి చెప్పి, మొత్తం రేకు, అంటే ఒకే బండిగా కట్టిన వ్యాగన్ల వరసంతా, ఒకేచోట నింపి ఒకేచోట దింపే విధానానికి మారింది. ఇవాళ మూసిన వ్యాగన్ల రేకు ఒకటి సుమారు 40 వ్యాగన్లు, 2,500 టన్నుల దాకా మోస్తుంది. బస్తాల్లో చెబితే ముప్పై మూడు వేలు. రైల్వే వైపు నుంచి చూస్తే ఇది తెలివైన నిర్ణయం. అవే ఇంజన్లు, అవే పట్టాలతో దేశానికి ఎంతో ఎక్కువ బొగ్గు, సిమెంటు, ఎరువులు చేరాయి. కానీ రెండొందల బస్తాల వ్యాపారికి ఆ రోజుతో రైలు తలుపు మూసుకుంది. లారీ ఆఫీసు తలుపు తెరుచుకుంది. విజయవాడ లారీ రవాణాకు పెద్ద కేంద్రంగా ఎదగడానికి జాతీయ రహదారులెంత కారణమో, రైల్వే వదిలేసిన ఈ చిల్లర సరుకు కూడా అంతే కారణం. గూడ్స్‌షెడ్డు మూతపడ్డ చిన్న స్టేషన్‌కు మిగిలేది నాలుగు ప్యాసింజర్లు. ఆ ఆదాయంతో స్టేషన్ మాస్టర్లు, పాయింట్స్‌మన్లు, గేట్‌మన్ల జీతాలు గిట్టవు. లెక్కల పుస్తకంలో అది నష్టాల స్టేషన్ అయిపోతుంది.

ఈ మాట ఎంత నిజమో చూపించే ఉదాహరణ గుంటూరు పక్కనే ఉన్న చిన్న స్టేషన్ రెడ్డిపాలెంలో దొరుకుతుంది. గుంటూరు మార్కెట్ యార్డు ఎండుమిర్చి ఏళ్లుగా లారీల మీద బంగ్లాదేశ్ వెళ్లేది. 2020 లాక్‌డౌన్‌లో ఆ దారి మూసుకుంది. గూడ్సు రేకు కట్టాలంటే ఒక్కో ట్రిప్పుకు 1,500 టన్నుల పైన సరుకు ఒకేసారి పోగుచేయాలి. అంత మిర్చి ఒక్క దెబ్బకు సమకూర్చడం పెద్ద ఎగుమతిదారులకు తప్ప సాధ్యం కాదు. అప్పుడు రైల్వే మెట్టు దిగి, 500 టన్నుల లోపు సరుకుకు పార్సిల్ వ్యాన్లతో (పార్సిళ్లు మోసే రైలు పెట్టెలతో) ప్రత్యేక రైలు కట్టింది. 2020 జులైలో రెడ్డిపాలెం నుంచి 16 పార్సిల్ వ్యాన్లలో 384 టన్నుల మిర్చి బస్తాలు బంగ్లాదేశ్‌లోని బెనాపోల్ చేరాయి. లారీకి టన్నుకు సుమారు 7,000 రూపాయలు పడే చోట ఈ రైలుకు పడింది 4,608 రూపాయలు. పెద్ద స్టేషన్లు చుట్టూ ఉండగా ఈ పని జరిగింది రెడ్డిపాలెంలో. కొలత చిన్నది చేస్తే చిన్న స్టేషన్‌కు పని దొరుకుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మన చిన్న స్టేషన్లు సరుకు లేక చావలేదు, ఆ సరుకు కొలతకు సరిపడే బండి లేక చచ్చాయి.

బస్సుల సంగతి అందరికీ తెలిసిందే. 1958లో ఆర్టీసీ ఏర్పడ్డాక పల్లెలకు బస్సు వచ్చింది. ఇంటి ముందు చెయ్యెత్తితే ఆగే బస్సు ముందు రోజుకు రెండు మూడు పూటలే వచ్చే ప్యాసింజర్ నిలవడం కష్టం. తరువాత ఆటోలు వచ్చాయి. ఇందులో విశేషమేమీ లేదు, దేశమంతా జరిగిందే.

సత్యనారాయణపురానికే ప్రత్యేకమైన కారణం గేట్లు. రైలు గేటు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ నగరం ఎందుకు విసిగిపోయిందో తెలుస్తుంది. ఇంటర్‌లాకింగ్ ఉన్న, అంటే సిగ్నల్‌తో ముడిపెట్టిన గేటు పూర్తిగా పడి, తాళం పడితే గానీ బండికి సిగ్నల్ రాదు. బండి గేటు దాటితే గానీ తాళం ఊడదు. ఇది ప్రాణాలు కాపాడే ఏర్పాటు, దీన్లో రాజీ ఉండకూడదు. అయితే దాని ఫలితం ఏమిటంటే, అరనిమిషంలో పోయే బండి కోసం రోడ్డు అయిదు నిమిషాలో, పది నిమిషాలో ఆగాలి. బండి సిగ్నల్ దగ్గర ఆలస్యమైతే అంతకంటే ఎక్కువ. జంక్షన్‌కు ఆనుకుని ఉన్న లైను కాబట్టి ప్లాట్‌ఫాం ఖాళీ లేక బళ్లు ఊరి చివరే నిలబడిపోవడం మామూలు. గేటు పడితే సైకిళ్లు, స్కూటర్లు, ఆటోలు, స్కూలు బస్సులు, అంబులెన్సులు అన్నీ అటూ ఇటూ పేరుకుపోవాల్సిందే.

గేటు రద్దీని రైల్వే ఒక గుణకారంతో కొలుస్తుంది. రోజుకు పోయే రైళ్ల సంఖ్యను రోడ్డు మీద పోయే బళ్ల సంఖ్యతో హెచ్చవేస్తారు. ఆ లబ్ధం లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం చెరిసగం ఖర్చుతో పైవంతెన కట్టుకోవచ్చు. ఉదాహరణకు ఒక గేటు మీదుగా రోజుకు 30 రైళ్లు, 5,000 బళ్లు పోతే లబ్ధం లక్షన్నర. పది లక్షల జనాభా దాటిన నగరం నడుమ ఆ 5,000 అన్న అంకె ఏ మూలకూ రాదు. కాబట్టి వంతెన రావాలి. ఎక్కడ కట్టాలి? పట్టాల మీద ఆరున్నర మీటర్ల ఖాళీ, దాని పైన దూలాల మందం కలిపితే రోడ్డు ఎనిమిది మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. ముప్పై మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కితే గేటుకు ఒక్కో వైపు 240 మీటర్ల ర్యాంపు కావాలి. ఆ పొడవునా రోడ్డుకు రెండు పక్కలా ఉన్న ఇళ్ల, దుకాణాల ముందు గోడ లేస్తుంది. ఇరుకు పేటల్లో, దగ్గర దగ్గరగా ఉన్న గేట్లలో ప్రతిదానికీ ఇలా కట్టడమంటే సగం పేటను కూల్చడమే. గేట్లను పైకెత్తడం కంటే పట్టాలను పక్కకు జరపడం చవక అన్న నిర్ణయానికి రావడానికి ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు.

అలాగే జరిగింది. గుడివాడ వైపు బళ్లు ఇప్పుడు సత్యనారాయణపురం తాకకుండానే మధురానగర్ చేరతాయి. ఊరి నడుమ పట్టాలు లేచాయి. స్టేషన్ పోయింది. పేటలో రైల్వే కాలనీ మాత్రం ఉంది. రైల్వే ఉద్యోగుల క్వార్టర్లు, చెట్లు, వెడల్పాటి రోడ్లతో ఆ చోటు ఇప్పటికీ మిగతా పేట కంటే వేరుగా కనిపిస్తుంది. రైలు దారి ముందు, ఊరు తరువాత వచ్చిందని చెప్పే గుర్తు అది.

ఖాళీ అయిన దారి నేల ఏమవ్వాలన్న ప్రశ్న అక్కడ మొదలైంది. 2005 చివర్లో కేంద్రం మొదలుపెట్టిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం జాబితాలో విజయవాడ ఉంది. ఆ డబ్బుతో బస్సులకు ప్రత్యేక దారి ఉండే బీఆర్‌టీఎస్ తలపెట్టారు. ఊహ మంచిదే. రైలు పోయిన చోట ప్రజా రవాణానే పెట్టాలనుకోవడం ఏ రకంగానూ తప్పు కాదు. మధ్యలో బస్సులకు వరస, అటూ ఇటూ మామూలు బళ్లు. కానీ బస్సుల వరస అనుకున్నట్టు నడవలేదు. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ప్రత్యేక దారి బస్సుకు ఉపయోగపడాలంటే ఆ దారి రెండు చివర్లా ఆగకుండా బస్టాండు దాకా, ఊరి బయటి కాలేజీల దాకా, పనిచోట్ల దాకా సాగాలి. ఇక్కడ పాత రైలు నేల ఉన్నంత మేర హాయిగా ఉంది. అది అయిపోయిన చోట బస్సు మళ్లీ మామూలు రద్దీలో పడుతుంది. రైలుకు అటు జంక్షన్, ఇటు బందరు ఉండేవి. బస్సు దారికి ఆ రెండు కొసలూ లేకుండా పోయాయి.

పట్టాల దారి నేలకు ఉన్న విలువ ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. బ్రాడ్‌గేజి మీద ఎంత ఇరుకు మలుపైనా 175 మీటర్ల వ్యాసార్ధం కంటే తగ్గకూడదు. వాలు కూడా అతి తక్కువ ఉండాలి. అలాంటి దారి ఒకటి నగరం నడుమ నుంచి పొలాల దాకా తెగకుండా సంపాదించడమంటే ఇవాళ్టి ధరల్లో అయ్యే పని కాదు. 1908లో ఊరు చిన్నది కాబట్టి కుదిరింది. ఒకసారి తెగిన అలాంటి దారిని మళ్లీ అతికించలేం.

మెట్రో పథకం ఈ లోటును కళ్లకు కట్టి చూపిస్తుంది. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ విజయవాడకు రెండు కారిడార్లతో, మొత్తం 26 కిలోమీటర్లకు నివేదిక తయారుచేసింది. ఒకటి పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి బందరు రోడ్డు మీద పెనమలూరు దాకా. రెండోది అదే బస్టాండు నుంచి ఏలూరు రోడ్డు మీద నిడమానూరు దాకా. ఈ నిడమానూరు ఏదో కాదు, బందరు లైను స్టేషన్ల వరుసలోని నిడమానూరే. అంటే రైలు శతాబ్దం కిందటే చేరిన ఊరికి, రైలు ఊరి నడుమ నుంచి వెళ్లే దారిని తీసేసిన తరువాత, స్తంభాల మీద కొత్త రైలు వేయాలని ఆలోచించాం. తరువాతి నివేదికలో ఆ దారిని గన్నవరం దాకా పొడిగించారు. పట్టాలను లేపేముందు కనీసం ఒక ప్రశ్న అడగవలసింది: ఈ దారి మీద ఊళ్ల మధ్య తిరిగే చిన్న రైళ్లు నడిపితే ఎలా ఉంటుంది? హైదరాబాదులో 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలు కొత్త పట్టాల మీద కాదు, దక్షిణ మధ్య రైల్వే పాత పట్టాల మీదే నడిచింది. బెజవాడలో ఆ ఆలోచన బలంగా ముందుకు రాలేదు. ఇది రైల్వే ఒక్కదాని లోపం అనలేం. నగరం గేటును ఒక అడ్డంకిగానే చూసింది, స్టేషన్‌ను ఒక సౌకర్యంగా చూడలేదు. గేటు దగ్గర ఆగిన వేలమంది బాధ కనిపించినంతగా, స్టేషన్‌లో దిగి నడిచిపోయే వందలమంది సుఖం ఎవరికీ కనిపించదు.

అలాగని పట్టాలు తీయడమే తప్పంటే అదీ న్యాయం కాదు. గేట్ల దగ్గర చిక్కుకుని సమయానికి ఆసుపత్రికి చేరలేకపోయే మనిషి బాధకు జవాబు చెప్పాలి కదా. పైగా లైను పక్కకు మళ్లాక పాత దారి మీద చేరిన వాకర్లు, పిల్లలు, దుకాణాలు, కొత్త ఇళ్లు పేటకు వేరే జీవితం ఇచ్చాయి. సత్యనారాయణపురంలో ఇవాళ పట్టాలు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. ప్రశ్న అక్కడిది కాదు, మిగిలిన లైనుది.

ఆ మిగిలిన లైను ఇప్పుడు పాత మీటర్‌గేజి కాదు. స్వాతంత్ర్యం తరువాత బ్రాడ్‌గేజి అయింది. ఇటీవలి సంవత్సరాల్లో విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా నిడదవోలు దాకా, మచిలీపట్నం, నర్సాపురం కొమ్మలతో కలిపి 221 కిలోమీటర్లు జంటలైను వేసి విద్యుదీకరించారు. గుండు, వెదురు వలయం పని ముగిసింది. ఒకప్పుడు సింగిల్ లైను మీద ఎదురు బండి కోసం అరగంట ఆగిన ప్యాసింజర్‌కు ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. అంటే తరచుగా మెమూలు (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు రైళ్లు) నడపడానికి ఉన్న సాంకేతిక అడ్డంకులు చాలావరకు తొలగినట్టే. ఇదే సమయంలో మధురానగర్, రామవరప్పాడు, నిడమానూరు చుట్టూ పొలాలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. ఒకప్పుడు సత్యనారాయణపురం ఉన్న స్థితిలోకి, అంటే ఊరి అంచు నుంచి ఊరి నడుమకు, ఇవి వచ్చేస్తున్నాయి.

జంటలైను అంటే రైలు బళ్లు పెరుగుతాయి. బళ్లు పెరిగితే గేట్ల దగ్గర ఆ గుణకారం పెరుగుతుంది. వంతెనలు, అండర్‌బ్రిడ్జిలు ఇప్పుడే, ర్యాంపులకు స్థలం మిగిలి ఉండగానే కట్టకపోతే, పదిహేనేళ్ల తరువాత అక్కడా గేట్ల మీద ధర్నాలు మొదలవుతాయి, అక్కడా పట్టాలను ఇంకా బయటికి జరపమన్న డిమాండు వస్తుంది. ఈసారి జరపడానికి పక్కన ఇంకో లైను లేదు. నగరపాలక సంస్థ, రైల్వే డివిజన్, రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ ముగ్గురూ కలిసి కూర్చుని ఈ మూడు స్టేషన్ల దగ్గర ఏ గేటుకు ఎక్కడ దారి వదలాలో మ్యాపు మీద గీసి, ఆ స్థలంలో ఇళ్లకు అనుమతులు ఆపితే చాలు. ఖర్చు తరువాతి మాట, ముందు స్థలం ఉండాలి.

రెండోది బండ్ల వేళలు. ఉదయం ఎనిమిది నుంచి పది మధ్య నిడమానూరు, రామవరప్పాడు, మధురానగర్‌ల నుంచి విజయవాడ జంక్షన్‌కు అరగంటకొక మెమూ, సాయంత్రం అలాగే తిరుగు బండ్లు నడిపితే ఈ స్టేషన్ల టికెట్ల అమ్మకం ఎలా ఉంటుందో ఆరు నెలల్లో తేలిపోతుంది. దీనికి కొత్త పట్టాలు, కొత్త నివేదికలు అక్కర్లేదు. జంక్షన్‌లో ప్లాట్‌ఫాం ఖాళీ దొరకడమే కష్టమైన పని. విజయవాడ లాంటి జంక్షన్‌లో అది చిన్న కష్టం కాదు. ఊళ్ల మధ్య తిరిగే బండ్ల కోసం జంక్షన్ తూర్పు చివర ఒక పొట్టి ప్లాట్‌ఫాం వేయడం సాధ్యమా అన్నది డివిజన్ ఇంజనీర్లు తేల్చాల్సిన విషయం. తేల్చమని అడగాల్సింది మాత్రం ఆ మూడు స్టేషన్ల చుట్టూ ఇళ్లు కొనుక్కుని, రోజూ ఏలూరు రోడ్డు రద్దీలో గంటలు పోగొట్టుకుంటున్న జనం, వాళ్లు ఎన్నుకున్న కార్పొరేటర్లు, ఎమ్మెల్యేలు.